పౌలు సారు నీలి సీసా

"ఓ సారూ! నా తేనెల ఆ నీలిమందు పోస్తె మంచిగుండది, చెప్తున్న!"

"పొయ్యకుంటె ఎట్ల ఎర్కైతది మొగిలమ్మా, అది తేనెనో చక్కెర పాకమో?"

"పాకమైతె నీ నెత్తిమీదనే పోస్కో, పో!"

హనుమకొండలో ఆదివారం పొద్దున రోడ్డు పక్కన ఈ లొల్లి. సుధీర్ ఆటో పక్కకు ఆపాడు. డిగ్రీ మధ్యలోనే కాలేజీని వదిలేశాడు గానీ, కెమిస్ట్రీ పౌలు సారు గొంతు మాత్రం అతణ్ని వదల్లేదు.

సారుకున్న జబ్బు ఒక్కటే. బెనెడిక్ట్ ద్రావణంలో కాచి, నీలం పోయి ఇటుక రంగు వస్తే తప్ప తీపిని తీపి అని ఒప్పుకోడు. దేవుడు నాలుక ఇచ్చింది పాఠం చెప్పడానికేనని ఆయన నమ్మకం. టిఫిన్ డబ్బా కింది గిన్నెలో స్పిరిటు దీపం, పై గిన్నెలో గాజు గొట్టాలు. అన్నం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.

పెళ్లిచూపుల్లో ఇచ్చిన మామిడిరసాన్ని కూడా కాచి చూశాడట. "నన్ను గూడ గొట్టంల పోసి చూస్కోండ్రి" అని రాహేలు మేడం మండిపడితే, "అంత పెద్ద గొట్టం దొరకది" అన్నాడట. అయినా పెళ్లయింది. సైన్సుకు అందని విషయాలు కొన్నుంటాయి.

కిరాణా యాకయ్య దుకాణంలో పటికబెల్లం కరిగించి కాచిన రోజైతే మరీ ఘోరం. "రంగు మారలె! ఇది గ్లూకోజు కాదు!"

"పటికబెల్లమని చీటీ పెట్టిన గద సార్!"

"చదివింది నమ్మొద్దు యాకయ్యా, కాచింది నమ్మాలె."

ఇప్పుడు ఆ దీపం మొగిలమ్మ ముందు వెలిగింది. ఆమె అమ్మేది పాకమేనని ఎవరో మహానుభావుడు వాట్సాప్‌లో పెట్టినప్పటి నుంచి, నిండుగా వచ్చిన బకెట్ నిండుగానే ఇంటికి పోతోంది. ఇవాళ గొట్టం కూడా నీలంగానే ఉండిపోతే ఆమె బేరం అక్కడితో సరి. జనం మూగారు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, ఇటుక రంగుకొచ్చి ఆగింది.

"అసలుదే!" సారు ఓడిపోయిన ముఖంతో అరిచాడు. "ఓ సీసా ఇయ్యి."

"నాకు రెండు!" "అమ్మా, నాకు!" చూస్తుండగానే బకెట్ అడుగు కనిపించింది.

సారును ఎక్కించుకుని ఆటో కాస్త దూరం పోయాక సుధీర్ ఉండబట్టలేకపోయాడు. "సార్, గ్లూకోజు పాకం పోసినా ఎర్రగనే అయితది గద! ఏం తేలింది మీ పరీక్షల?"

సారు వెనక్కి తొంగి చూశాడు. "ఏం తేలలె. అది అసలు తేనెనే అని నాకు ముందే ఎర్క. ఆమె ఎంబడి పాకాల అడవికి పోయిన. ఈగలు కుడితె మూతి గుమ్మడికాయంత అయ్యింది. గా ముచ్చట చెప్తె ఒక్కడన్న నమ్ముతడా? రంగు మారితె నమ్ముతరు."

"అంటె ఆ లొల్లి..."

"మొగిలమ్మకు నేనే నేర్పిన. ఇయ్యాల జర ఎక్కువనే తిట్టింది."

సుధీర్ టక్కున బ్రేకు వేశాడు. వెనక మోగిన హారన్లన్నింటికీ ఒక్కడే తిట్లతో జవాబిచ్చాడు.

"ఒక్క పని చేస్తవారా సుధీర్?" సారు ముందుకు వంగాడు. "నన్ను అందరు గుర్తువడుతున్నరు. వచ్చే ఆదివారం ఆమెతోని నువ్వు కొట్లాడు. అసలే నీది మస్తు నోరు."