కుడివైపు కిటికీ

గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాదే నేను పోస్టాఫీసులో చేరాను. లోపల కూర్చునే పని కాదు, ఇంటింటికీ ఉత్తరాలు వేసే పని. మేముండే అల్ఫారెట్టా దాటి ఉత్తరంగా పోతే ఇళ్లు పలచబడి, గుర్రాల కోసం వేసిన కంచెలు మొదలవుతాయి. అక్కడ రోడ్డు పక్కన గుంజలకు బిగించిన డబ్బాల్లో ఉత్తరాలు పెట్టుకుంటూ పోవాలి. మా రూటుకి కారు మనమే తెచ్చుకోవాలి.

డబ్బాలేమో రోడ్డుకు కుడిపక్కన, ఈ దేశపు కార్లలో స్టీరింగేమో ఎడమపక్కన. అందుకని మా పాత కారులో కుడి సీటు అంచున కూర్చుని, ఎడమ కాలు అవతలికి చాచి బ్రేకు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడి చేత్తో ఉత్తరాలు వేసేదాన్ని. చాలామంది అలాగే మొదలుపెడతారట. సాయంత్రానికి నడుము నాది కాదనిపించేది. ఒకరోజు కాలు జారి ఎవరిదో డబ్బాని గుద్దేశాను. మా పోస్టుమాస్టరు నాకంటే చిన్నావిడ. మర్యాదగానే చెప్పింది. నెలాఖరులోగా కుడివైపు స్టీరింగు ఉన్న కారు తెచ్చుకుంటే రూటు నాది, లేదంటే ఇంకొకరికి ఇస్తానంది.

నాకు ఆ రూటు కావాలి. ఏళ్ల తరబడి డిపెండెంటు వీసా మీద ఇంట్లో కూర్చుని, ఇతరుల ఉద్యోగాల కబుర్లు వింటూ టీలు కాచి ఇచ్చినదాన్ని. నా పేరున వచ్చిన మొదటి జీతం అది. దాన్ని ఎవరికో వదులుకునేంత మంచితనం నాకు లేదు.

మా ఆయనకి నా ఉద్యోగం ఇష్టమే, దాని పేరే ఇష్టం లేదు. చర్చిలో ఎవరడిగినా "ఫెడరల్ జాబ్ అండీ" అని అక్కడితో ఆపేసేవారు. "అబద్ధం కాదుగా?" అని మళ్లీ నన్నే అడిగేవారు. పోస్టాఫీసు కేంద్ర ప్రభుత్వానిదే, అబద్ధం కాదు గాని, వింటే నాకు ఒళ్లు మండేది.

కారు కోసం వెతగ్గా వెతగ్గా దేశానికి ఆ చివర వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక డీలరు దొరికాడు. జపానులో పాతికేళ్లు నడిచిన కుడి స్టీరింగు కార్లు ఓడలో తెప్పించి అమ్ముతాడు. అంతకంటే కొత్తవి తేవడం కష్టమట. బూడిదరంగు చిన్న వ్యాగన్ ఒకటి నాకు నచ్చింది. కింద తుప్పు చూపించమంటే, పాపం, నేల మీద పడుకుని మరీ వీడియో తీసి పంపాడు. అడ్వాన్సు కట్టేశాను.

మనవాళ్లు కొత్తిమీర కట్ట కూడా విప్పి చూడందే కొనరు. కారు చూడకుండా కొంటానంటే ఊరుకుంటారా? అక్కడికి దగ్గర్లోని రెడ్‌మండ్ తెలుగు చర్చిలో తెలిసిన ఒక బ్రదర్‌ని కాస్త చూసి రమ్మని మా ఆయన పురమాయించారు. ఆయన సాఫ్ట్‌వేరు ఇంజనీరు, నెమ్మదస్తుడు. శనివారం వెళ్లి చూసొచ్చి నాకే ఫోన్ చేశాడు.

"చూశాను సిస్టర్. నేను ఇంటర్ చదివేటప్పటి బండండీ అది! మనూళ్లో డ్రైవ్ చేసినట్టుంటదని ముచ్చటపడ్డారేమో గానీ, ఇక్కడ చాలా రిస్క్. మీకెందుకు టెన్షనని నేనే క్యాన్సిల్ చేయించేశాను. మీ అన్నయ్యనని చెప్తే ఇంకేం అడగలేదు. అడ్వాన్స్ రిఫండ్ చేస్తానన్నాడు. అక్కడే మంచి హైబ్రిడ్ ఏదన్నా చూసుకోండమ్మా."

అడిగింది చూసి రమ్మని, చేసింది నిర్ణయం. పైగా ఎంత ప్రేమగానో! వెంటనే డీలరుకి ఫోన్ చేశాను. మీ అన్నయ్య వద్దన్నాడుగా అన్నాడు.

"నాకు అన్నయ్యల్లేరు" అన్నాను.

సోమవారం ఇంకొకాయన చూడ్డానికి వస్తున్నాడట, ఈలోగా నేనే స్వయంగా వస్తే కారు నాదేనన్నాడు. మర్నాటి ఉదయం విమానానికి టికెట్ బుక్ చేశాను.

"ఆదివారం పూట మందిరం మానేసి వెళ్తావా?" అన్నారు మా ఆయన.

"నెలాఖరు గడువు పెట్టింది దేవుడు కాదు, మా పోస్టుమాస్టరు. మీరు సగం చెప్పి ఆపబట్టే కదా ఆయన ముచ్చటనుకున్నాడు. ఇకనైనా పూర్తిగా చెప్పండి" అన్నాను.

నేను వస్తున్నానని మాత్రం మా ఆయన చెప్పినట్టున్నారు, అక్కడి ఎయిర్‌పోర్టులో ఆ బ్రదరే నాకోసం నిలబడి ఉన్నాడు. చేతిలో వాళ్లావిడ కట్టిచ్చిన చికెన్ వేపుడు, అన్నం. అంత వాసన ముందు కోపం నిలుపుకోవడం కష్టం. అయినా డీలరు దగ్గరికి చేరేదాకా నిలుపుకున్నాను.

తాళం తిప్పగానే కారు స్పీకర్లోంచి ఎవరో ఆడమనిషి జపాను భాషలో ఏదో మర్యాదగా చెప్పింది. బ్రదర్ ఎడమ సీట్లో కూర్చుని, కాళ్ల ముందు బ్రేకే లేకపోయినా పాదంతో నొక్కుతూనే ఉన్నాడు. మొదటి మలుపులో ఇండికేటరు వేయబోయి వైపర్లు వేశాను. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు.

కొంత దూరం పోయాక రోడ్డు వారన వరసగా ఉత్తరాల డబ్బాలు కనిపించాయి. మెల్లగా వాటి పక్కకి తెచ్చి ఆపి కిటికీ దించాను. చెయ్యి చాపితే డబ్బా తలుపు నేరుగా అరచేతికి అందింది. నడుము వంచలేదు, కాలు చాచలేదు. పరాయివాళ్ల డబ్బా తెరవకూడదు గనక ఊరికే చెయ్యి ఆనించి ఉంచాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నేను ఇంటింటికీ ఉత్తరాలు వేస్తాను బ్రదర్. ఇలాంటి కారు లేకపోతే ఆ పని పోతుంది" అన్నాను.

ఆయన డబ్బా వంక, నా చేతి వంక చూశాడు. "అయ్యో సిస్టర్... ఫెడరల్ జాబ్ అంటే ఆఫీసనుకున్నానండీ" అన్నాడు. తిరిగి వెళ్లాక, కొత్త టైర్లు వేసిస్తే గాని కుదరదని డీలరుతో ఆయనే పేచీ పెట్టుకుని ఒప్పించాడు.

ట్రక్కు మీద కారు మా ఇంటికి చేరేసరికి నెలాఖరు ఇంకా రాలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగులో పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి, చుట్టూ చర్చివాళ్లు తలలు వంచుకుని ఉండగా ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, నీ కుమార్తెకి నీవు అనుగ్రహించిన ఫెడరల్ ఉద్యోగంలో..."

కళ్లు తెరిచాను. ప్రార్థనకి అడ్డుపడటం ఎంత తప్పయినా సరే, చెప్పేద్దామని నోరు తెరవబోయాను. నాకంటే ముందు మా ఆయన గొంతు వినిపించింది.

"ఉత్తరాలు పంచే పని, అయ్యగారూ. ఇంటింటికీ."

పాస్టరుగారు ఉత్తరాలు పంచే చేతులను, తిరిగే దారులను దీవించమని అడిగారు. ఎప్పుడూ నోట్లో గొణుక్కునే మా ఆయన ఆ రోజు ఆమెన్ గట్టిగా అన్నారు.

ఇంటికి బయల్దేరుతూ అలవాటు కొద్దీ ఆయన ఎడమ తలుపు తీసి కూర్చుని, చేతులు ముందుకి చాపారు. అక్కడ స్టీరింగు లేదు.

"బెల్టు పెట్టుకోండి" అని కారు తీశాను.