కనుబొమ్మ మీది గాటు

టచింగ్ మాస్టారికి విసుగొస్తే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తారు. పరుపుల కొట్టు ఫోటోల పని తగిలిన ఆ పది రోజుల్లో తుడిచినంతగా ఆ అద్దాలను అంతకు ముందు ఎన్నడూ తుడిచి ఉండరు.

ఆయన అసలు పని మచ్చలు తీయడం. ముప్పై ఏళ్ళు ఒకే స్టూడియోలో ఫోటోలు తీస్తూ, ఫోటో తీసిన ప్రతిసారీ కిటికీ లేని వెనక గదిలో కూర్చుని నెగెటివ్‌ను లైటు పెట్టె మీద బోర్లించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలూ ముడతలూ పూడ్చేవారు. దాన్నే టచింగ్ అంటారు. ఫోటో అందుకున్నవాళ్ళు 'నేను ఇంత బాగుంటానా' అని మురిసిపోతే ఆయనకి ఆ పూట కడుపు నిండినట్టే. చేతి చేతికీ ఫోన్లొచ్చి స్టూడియో మూతపడ్డాక రెండేళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. మీరు కూర్చుని కూర్చుని కుర్చీకే విసుగొచ్చిందని వాళ్ళావిడ అంటూ ఉండేది.

అలాంటప్పుడు ప్రకటనల ఆఫీసు మేడమ్ కబురు పెట్టింది. ఆవిడ బడికి వెళ్ళే రోజుల్లో గుర్తింపు కార్డు ఫోటో తీసింది మాస్టారే, ముందుపళ్ళ మధ్య సందు పూడ్చింది కూడా ఆయనే. ఇప్పుడు కెమెరా అక్కర్లేదనీ, ఎలాంటి ఫోటో కావాలో మాటల్లో రాస్తే కంప్యూటరే తయారుచేసి ఇస్తుందనీ, ఆ రాతను ప్రాంప్ట్ అంటారనీ చెప్పింది. ఫోటో ఎలా ఉండాలో మీకన్నా ఎవరికి తెలుసు మాస్టారూ, ఒక నెల చూద్దాం అంది. నెల తిరిగేలోపు పరుపుల కొట్టాయన ఒక్క ఫోటో ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్ళీ ఆ కుర్చీయే.

కావలసింది చిన్న ఫోటో. పొద్దున్నే పరుపు మీద నిద్ర లేస్తున్న ఒక మామూలు ఇల్లాలు. ఇదెంత పని అనుకున్నారు మాస్టారు. స్టూడియోకి వచ్చినవాళ్ళకి చెప్పే మాటలే కంప్యూటరుకీ రాశారు. గడ్డం కొంచెం దించాలి, భుజాలు నిటారుగా ఉండాలి, రెప్ప వేయకూడదు, చర్మం మీద మచ్చ ఉండకూడదు, చిన్నగా నవ్వాలి. కంప్యూటరు బుద్ధిగా విన్నది. నిద్ర లేచిన ఇల్లాలు ఇస్త్రీ చేసినట్టుగా లేచి కూర్చుంది.

పరుపులాయన ఆ ఫోటోని చూసి ఫోను చేశాడు. "ఈవిడ పరుపు మీద పడుకున్నట్టు లేదండీ, పరుపుతో పాటు ప్యాకింగులో వచ్చినట్టుంది" అన్నాడు.

మాస్టారు 'సహజంగా ఉండాలి' అని జోడించారు. నవ్వు ఇంకాస్త పెరిగింది. 'నిజమైన ఫోటోలా ఉండాలి' అని రాశారు. వెనక కిటికీలోంచి బంగారు రంగు ఎండ పోసి, పళ్ళు మరో నాలుగు ఎక్కువ కనిపించేలా చేసింది కంప్యూటరు. 'చాలా చాలా సహజంగా' అన్నారు. ఈసారి దిండుకి కూడా మెరుపొచ్చింది. పది రోజుల్లో అరవై ఫోటోలు. తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పై ఏళ్ళు మనుషులతో వేగాను కానీ ఇంత చెప్పినట్టు వినేదాన్ని ఎక్కడా చూడలేదని గొణుక్కున్నారు.

మేడమ్ ఆ ప్రాంప్టులన్నీ చదివింది. "కనపడాల్సినవి బాగా రాశారు మాస్టారూ. ఇక కనపడకూడదని మీరు ఇన్నేళ్ళూ పూడ్చేసినవి కూడా కావాలని రాయండి" అంది. ఆఖరి ఫోటో మర్నాడు మధ్యాహ్నానికల్లా పంపాలని కూడా చెప్పింది.

మాస్టారు కళ్ళజోడు తీశారు.

మర్నాడు పొద్దున ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆఫీసు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు. ఎంత ఆలోచించినా ఒక్క లోపం గుర్తుకు రాదు. మచ్చ కనపడగానే చెయ్యి పెన్సిలు కోసం వెళ్ళడమే తప్ప, మచ్చను మచ్చగా చూసిన అలవాటు లేదు. చివరికి, కూర తరుగుతున్న భార్యని అడిగారు, నిద్ర లేచిన మనిషి ఎలా ఉంటుందని.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా పక్కనే లేస్తున్నాను. ఇవాళ అడుగుతున్నారా?"

అడిగితే అడిగారని కత్తిపీట పక్కకి జరిపి మొదలుపెట్టింది. బుగ్గ మీద దిండు గలీబు మడత అచ్చు పడి ఉంటుంది. ఒకవైపు జుట్టు అణిగిపోయి, రెండోవైపు లేచి ఉంటుంది. పెదవి చివర తెల్లగా ఎండిన చార. ఒక కన్ను ముందు తెరుచుకుంటుంది, రెండోది బతిమాలితే గానీ తెరుచుకోదు. ఒక కాలు దుప్పటి బయటే. మంచం పక్క స్టూలు మీద నిన్నటి గ్లాసు, ఫోను వైరు, మూత పెట్టని నూనె సీసా. "ఎవరికీ నవ్వు రాదండీ ఆ టైములో" అంది. మాస్టారు ఒక్క మాట వదలకుండా టైపు చేశారు.

"కనుబొమ్మ మీద గాటు కూడా రాయండి" అంది ఆవిడ, ఉల్లిపాయ అందుకుంటూ.

టైపు చేసే వేళ్ళు ఆగాయి.

ఆ గాటు ఆవిడదే. తొమ్మిదేళ్ళప్పుడు కిటికీ రెక్క తగిలి కనుబొమ్మ చీలింది, అక్కడ వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. పెళ్ళైన కొత్తలో మాస్టారు ఆవిడని స్టూడియోకి తీసుకెళ్ళి పెద్ద ఫోటో తీశారు. నాలుగు రోజులు నెగెటివ్ ముందు కూర్చుని, ఒక్కొక్క వెంట్రుకా గీసి ఆ గాటు పూడ్చేశారు. జీవితంలో అంత శ్రద్ధగా మరే పనీ చేయలేదట. ఫ్రేము కట్టించి ఇస్తే ఆవిడ చూసి, ఎవరీవిడ అని అడిగింది. ఇప్పటికీ ముందు గదిలో అదే ఫోటో. ఎవరు ఇంటికొచ్చినా ఆవిడ చూపించి, మా ఆయన కట్టుకుందామనుకున్నావిడ అని పరిచయం చేస్తుంది. అందులో తన తప్పేమిటో మాస్టారికి ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

అయినా ఈసారి రాశారు. కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చిన్న గాటు.

ఫోటో వచ్చింది. ముఖం ఎవరిదో, కానీ నిజంగా నిద్రపోయి లేచిన ముఖం. లేపినవాళ్ళ మీద కోపం కూడా ఉంది. పంపిన అరగంటకి పరుపులాయన మాస్టారికే ఫోను చేశాడు. ఈవిడ పడుకుందండీ, గ్యారంటీగా పడుకుంది అని సంబరపడ్డాడు. ఇదే ఖాయం అన్నాడు. మాస్టారి భుజాల మీది బరువు సగం దిగింది. అప్పుడు అవతలాయన, ఒక్క చిన్న పని, ఆ కనుబొమ్మ మీది గీత తీసేయండి చాలు అన్నాడు.

నిమిషం పని. ఆ గాటు తీస్తే ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. మాస్టారు వంటింటి వైపు చూశారు. కత్తిపీట చప్పుడు ఆగింది.

"అది తీయనండీ" అన్నారు.

"ఎందుకండీ? మీరు తీయడంలో మొనగాడని మేడమ్ చెప్పిందే."

"ఒకసారి తీసి ఇరవై ఎనిమిదేళ్ళుగా మాటలు పడుతున్నాను. మీరు కావాలంటే వేరేవాళ్ళతో తీయించుకోండి, నా చేత్తో మాత్రం కాదు."

ఇంట్లో అడిగి చెప్తానన్నాడు పరుపులాయన. పది నిమిషాలకి మళ్ళీ ఫోను వచ్చింది. "ఉంచేయమంటోంది మా ఆవిడ. మీ నుదుటి మీద దెబ్బ మచ్చని చూసేగా నేను పెళ్ళికి ఒప్పుకున్నది, ఇదేం రోగం అని నాకే చీవాట్లు" అని పెట్టేశాడు.

మాస్టారు గెలిచినవాడిలా ల్యాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వంగి, చాలాసేపు చూసింది.

"నాది ఎడమవైపు కదండీ."

మాస్టారు కాదన్నారు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఎడమే. బోర్లించిన నెగెటివ్‌లో ముఖం అటుదిటు కనపడుతుంది. ఆ గాటుని ఆయన కళ్ళారా, ఓపిగ్గా చూసింది పెన్సిలు పట్టుకుని పూడ్చిన ఆ నాలుగు రోజులే. అందుకే ఇన్నేళ్ళూ అది ఆయన లెక్కలో కుడివైపే ఉండిపోయింది.

"ఇంత పోట్లాడారు, తీరా ఎవరి గాటు కోసమో" అంది ఆవిడ.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒకసారి ఇటు తిరుగు" అన్నారు.

"గడ్డం కొంచెం దించాలా?" అంది ఆవిడ, తిరక్కుండానే.