ఐసు చచ్చిన చేపకి

1968 మే నెల. విజయనగరంలో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో నేను అటెండరుని. సీసాల్లో దాచిన కప్పలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ మార్చడం, అక్వేరియం, అంటే చేపల అద్దాల తొట్టె, చూసుకోవడం నా పని. ఉద్యోగం ఇంకా టెంపరరీ. మాది కళింగపట్నం, మా నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు.

కాలేజీ కమిటీలో ఉన్న ఒక ప్లీడరు గారు మా తొట్టె చూసి ముచ్చటపడి, ఇంట్లోనూ ఒకటి పెట్టించుకున్నారు. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. అమర్చింది నేనే. ఓ ఆదివారం మధ్యాహ్నం వెంటనే రమ్మని ఆయన కబురు పంపారు.

వెళ్లేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగతా నాలుగూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. థర్మామీటరు ముంచితే ముప్పై అయిదు డిగ్రీలు.

"ఇందులో ఏటేసినారండి బాబూ?"

"ఐసు. పొద్దున్న ఒక దిమ్మ వేశాను. అది కరిగిపోయి నీళ్లు మళ్లీ కాగాయి. ఇదిగో, ఇంకోటి తెప్పించాను, వెయ్యి." వరండాలో ఊక పోసి గోనెలో చుట్టిన దిమ్మ చూపించారు. "మీ కళింగపట్నంలో చేపలకి ఐసే కదరా వేస్తారు? నాలుగు రోజులైనా తాజాగా ఉంటాయి!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ సేపలు సచ్చినవండి బాబూ. ఐసు సచ్చిన సేపకి. బతికున్నదానికి ఒక్కసారే అంత సలవ తగిల్తే పేణం పోతాది."

ఆయన ముఖం కందగడ్డయింది. "చేపలమ్ముకునేవాళ్ల కుర్రాడివి, నాకు చెప్తావా? తొట్టె పెట్టింది నువ్వు. ఈ నాలుగూ పోయాయంటే రేపటినుంచి కాలేజీ గుమ్మం తొక్కవు."

ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ భయంకన్నా ఒళ్లుమంట ఎక్కువైంది. వెళ్లి తొట్టెకి అడ్డంగా నిలబడ్డాను.

"నానెయ్యనండి. ఉజ్జోగం తీసేస్తే తీసేయండి. ఈటిని నా కళ్లముందు సంపనివ్వను. ఆ ఐసు మజ్జిగలో ఏసుకోండి, గోనె నాకివ్వండి."

ఆయన ఇచ్చేదాకా ఆగలేదు. దిమ్మ మీది గోనె నేనే లాక్కుని పనిలో దిగాను. గోనె దులిపి, తొట్టెకి మూడువైపులా చుట్టి బావినీళ్లతో తడిపాను. తడి ఆరేకొద్దీ వేడిని లాగేస్తుంది. పడమటి కిటికీ మూశాను. తొట్టె మూత తీసి ఫ్యాను వేశాను. కాసిని నీళ్లు తోడి పారబోసి, పాత కుండకి అడుగున బెజ్జం పెట్టి, గుడ్డపేలిక దూర్చి, బావినీళ్లు నింపి తొట్టె పైన వేలాడదీశాను. వేడినీళ్లలో ఆక్సిజన్, అంటే ప్రాణవాయువు, తగ్గిపోతుంది. బొట్టుబొట్టుగా చల్లటి నీరు పడి కదుపుతుంటే చేపకి ఊపిరి అందుతుంది. గోనె ఆరినప్పుడల్లా తడుపుతూ అక్కడే కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకి థర్మామీటరు ముప్పై ఒకటి చూపించింది. నాలుగు చేపలూ ఒక్కొక్కటే కిందికి దిగి ఈదుకుంటున్నాయి. ప్లీడరు గారు వచ్చి చూశారు. బాగుందనలేదు, నేనూ అనిపించుకోవాలనుకోలేదు.

సోమవారం మామూలుగా డ్యూటీకెళ్లాను. ఎవరూ ఆపలేదు. ఉద్యోగం పర్మినెంటు కావడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది. నాకు పొగరెక్కువని ఆయన కమిటీలో అన్నారట. పని చేసేవాడు చేపని చూడాలి, పిలిచినవాడి హోదాని కాదని నేను నేర్చుకున్నది ఆ ఇంట్లోనే.

పొగరేనండి. ఆ నాలుగు ప్రాణాలూ దాంతోనే నిలబడ్డాయి.