కూసే పెట్టె

జహీరాబాద్ బస్టాండులో ఫ్యాన్లన్నీ ఖాళీ బెంచీల మీదే తిరుగుతాయి. చెమట తుడుచుకుంటూ, ఎలక్ట్రానిక్స్ నాలుగేళ్లు చదివిన నేను వినికిడి తగ్గిన అమ్మ కోసం చేసిన మైకు పెట్టెను మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ కీచుమని కూసింది. ఇది మూడోది. "ఇదీ కూస్తే నాకొద్దు" అని అమ్మ ముందే చెప్పేసింది. మొదటి రెండింటిలో ఆమెకు బాగా వినిపించింది ఆ కూత ఒక్కటే.

పక్కన, పెళ్లిళ్ల మైక్‌సెట్ హారన్ ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషి చెయ్యి చాచాడు. "జర ఇటియ్యి సారూ."

స్పీకర్ పక్కనే నేను ముచ్చటగా అమర్చిన మైకును బయటికి లాగి, వైరు సాగినంత దూరం పట్టుకున్నాడు. కూత ఆగింది. అమ్మ ఇప్పటికీ అలా వైరు సాగదీసుకునే వింటుంది.

పెట్టె తిరిగిస్తూ ఆయన ఒక్కటే అడిగాడు. "మైకును దీస్కపోయి స్పీకర్ నోట్ల పెడ్తరా? ఏం సదివినవ్ సారూ?"