ఆట పెట్టె నోటికి పసుపు

ఇనప్పెట్టె అడుగున, చిన్నప్పటి నుంచి రాసిన నా డైరీల కింద, పాత పంచె ముక్కలో చుట్టి దాచిన నల్లటి ప్లాస్టిక్ క్యాసెట్టు ఒకటి ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఎండకు పెట్టడానికి డైరీలు బయటికి తీసినప్పుడల్లా దాన్నీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇన్నేళ్లయినా దాన్నుంచి సన్నగా పసుపు వాసన వస్తుంది. మా ఇంట్లో ఒక దసరా నాటి వాసన అది.

మా తాలూకా కర్నూలు నుంచి విడిపోయి కొత్త ప్రకాశం జిల్లాలో కలిసి పదేళ్లు నిండని కాలం. మార్కాపురంలో మా నాయనకు చిన్న పలకల కార్ఖానా ఉండేది. రంపం కింద రాయి కోసే చప్పుడు, గడప మీద, కంచాల మీద, మా కనురెప్పల మీద కూడా వాలే బూడిదరంగు దుమ్ము, వానలు పడగానే నల్లమల నుంచి గంపల్లో దిగే సీతాఫలాలు, వాటిని మాగబెట్టిన గడ్డి వాసన, ఇవన్నీ కలిసి మా ఇల్లు. ఆ ఏడు, ఓడల మీద పనిచేసే మా మేనమామ సెలవుకు వస్తూ ఒక చిన్న టీవీని, దానికి తగిలించి ఆడే ఆట పెట్టెను తెచ్చాడు. మా ఊరికి అప్పటికి టీవీ ప్రసారాలు అందవు. అందుకని ఆ టీవీ ఆ ఆట కోసమే పుట్టిందనుకునేవాళ్లం.

మామ వాటిని తెచ్చింది రత్నక్క కోసం. ఆమె మా పెద్దమ్మ కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద. వాళ్లది కొనకనమిట్ల పక్క పల్లె. అక్కడి ఫ్లోరైడు బావి నీళ్లకు ఆమె మోకాళ్లు వంగిపోయి, నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. నీళ్లు మారిస్తే మేలని డాక్టరు చెబితే మా ఇంట్లో ఉంచారు. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే ఆమె అరుగు మీద కూర్చుని ఎవరు గీత తొక్కారో చెప్పేది, అంతే.

ఒక్కో ఆట ఒక్కో క్యాసెట్టులో ఉంటుంది, దాన్ని పెట్టె నోట్లో నొక్కితేనే ఆట తెర మీదికి వస్తుంది. పెట్టెతో వచ్చింది ట్యాంకుల ఆట క్యాసెట్టు ఒక్కటే. రెండు ట్యాంకులు గోడల మధ్య తిరుగుతూ ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి, ఇద్దరుంటే తప్ప సాగదు. వీధి పిల్లలంతా వరుసకట్టేవారు. ఎవరి తర్వాత ఎవరో నా డైరీలో రాసేవాణ్ని. ఓడినవాళ్లు లేవాలి, గెలిచినవాళ్లు కూర్చోవాలి అనే నియమం కూడా నాదే. దాంతో, ఎప్పుడూ గెలిచే రత్నక్కకు లేవాల్సిన పని పడేది కాదు.

"నడవలేవు గానీ, ఇంత జోరుగా ఎట్ల తిప్పుతావక్కా?" అన్నాడు ఓడిపోయిన ఎదురింటి శీనుగాడు ఉక్రోషంగా.

"నడిచేది ట్యాంకురా, నేనా? జరుగు, ఇంకొకణ్ని రానీ."

పెట్టెలో రంగుల కాగితం ఒకటి ఉండేది. ఆ యంత్రం మొదట బజారుకు వచ్చినప్పుడు దాంతోపాటు విడివిడిగా అమ్మిన తొమ్మిది ఆటల బొమ్మలు దాని మీద ఉండేవి. మాకున్నది ఒక్కటి. మిగతా ఎనిమిదీ, కార్ల పందెం, పేకాట, ఓడలమీద విమానాల యుద్ధం, లెక్కల ఆట, ఇట్లా అన్నిటినీ నాయన పక్కన పడేసిన విరుగు పలకల మీద బలపంతో గీసుకుని, చింతపిక్కలు కదుపుతూ ఆడేవాళ్లం. నియమాలన్నీ రత్నక్క చెప్పేది. మామ మళ్లీ వచ్చేటప్పుడు లెక్కల ఆట తెస్తానని ఆమెకు మాటిచ్చాడు.

దసరా వచ్చింది. పెనం మీద కాలే ఓళిగల నెయ్యి వాసన, అలసంద వడలు వేగే చప్పుడు, పొద్దున్నే కడిగిన కార్ఖానా నేల. రంపాలు, ఉలులు, కొలబద్దలు వరుసగా పేర్చి పూజకు పెట్టేవారు. ఏదీ తప్పిపోకుండా జాబితా రాయడం నా పని. ఆట పెట్టెను కూడా అందులో రాసింది నేనే. మా అవ్వ తడిపసుపు గిన్నెతో అన్నిటికీ బొట్లు పెడుతూ వచ్చింది. పెట్టె దగ్గర ఆగి, "దీనికి యాడ పెట్టేదిరా?" అంది.

నేను క్యాసెట్టు ఊడదీసి, "నోటికి పెట్టవ్వా, దీనికీ పెట్టు," అన్నాను.

ఆమె రెండింటికీ బాగానే పూసింది. నేను మళ్లీ దాన్ని లోపలికి నొక్కాను.

మధ్యాహ్నం రత్నక్క స్విచ్చి వేస్తే తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. క్యాసెట్టును తీసి పెట్టింది, మళ్లీ తీసి పెట్టింది. మా అవ్వ వచ్చి చూసి, "ఆ పిల్లకు చేతుల్లో పట్టు యాడుంది? వంకరగా లాగి ఇరగ్గొట్టింటాది," అంది. అందరికీ అదే నిజమనిపించింది. సాయంత్రం ఎవరూ లేనప్పుడు నేను క్యాసెట్టు తీసి చూస్తే లోపలి ఇత్తడి పళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. పెట్టె నోరు గుడ్డతో తుడిచేసి, క్యాసెట్టును నా పుస్తకాల వెనక దాచాను. క్యాసెట్టు ఏమైందని ఎవరూ అడగలేదు. నాయన ఉత్త పెట్టెనే గిద్దలూరులో రేడియోలు బాగుచేసే మనిషికి పంపాడు. నెల తర్వాత, ఎవరో లోపల కదిలించినారు, నా వల్ల కాదు అని తిప్పి పంపాడతను.

"ఒక్కోసారి నా చేతులు నా మాట ఇనవురా," అంది రత్నక్క నాతో. "గట్టిగా లాగినానేమో."

నేను నా పుస్తకాల వైపు చూడకుండా వీధిలోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాత ఆమె విరుగు పలకల ఆటలు కూడా మానేసింది. ఏదైనా అందించబోతే చేతులు వెనక్కి తీసుకునేది. సంక్రాంతికి ముందే పెద్దమ్మ వచ్చి తీసుకుపోయింది. మామ తర్వాతి సెలవుకు ఆటలేమీ తేలేదు. పాడుచేసేదానికి తేవడమెందుకని ఇంట్లోవాళ్లే వద్దన్నారట.

ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆమెను చూడటానికి వెళ్లాను. ఆమె వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని నీళ్లు తాగింది. "ఆ లెక్కల ఆట యాడన్నా చూసినావారా?" అని అడిగింది. చూడలేదన్నాను. "నేను ఇరగ్గొట్టకుంటే మామ తెచ్చేవాడు," అని నవ్వింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. బస్సు టైమైందని లేచాను.

ఇప్పుడు మా కార్ఖానా ఉన్నచోట సిమెంటు గోడౌను ఉంది. పిల్లల సంచుల్లో పలకలు లేవు. అవ్వ లేదు, నాయన లేడు, మామ లేడు. పోయిన ఏడు రత్నక్క పోయింది. రంగుల కాగితం వెలిసిపోయి తొమ్మిది బొమ్మలూ ఒకే రంగుకు వచ్చాయి. ఆ దసరా నాటి డైరీ పుటలో నా చేతిరాత గుండ్రంగా, శుభ్రంగా ఉంది: "పూజలో పెట్టినవి: రంపాలు, ఉలులు, కొలబద్దలు, ఆట పెట్టె. అన్నిటికీ పసుపు పెట్టించాను. ఏదీ మరవలేదు."

దాని కింద నిన్న ఒక వాక్యం చేర్చాను: "పెట్టె పాడైంది నా వల్ల, రత్నక్క చేతుల వల్ల కాదు."

చదివి వినిపించాల్సిన మనిషి లేదు. డైరీ మూసి, క్యాసెట్టును తుడవకుండానే పంచె ముక్కలో చుట్టి పెట్టేశాను.