మా బావ పొట్టకు పదిమంది మాట

మా బావ ఎవర్నో ఒకర్ని అడగందే ఏ పనీ చేయడు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చేతికొక చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. వీధిలో మొదట ఎవరు కనిపిస్తే వాళ్లే ఆ పూటకు న్యాయమూర్తి.

“పాలాయనా! ఇదా, అదా?”

రెండూ ఖాకీ చొక్కాలే. ఒకే తానులోవి, ఒకే టైలరు కుట్టినవి.

“ఎడం చేతిదండీ.”

“ఎందుకంటావు?”

పాపం పాలాయన సైకిలుకు స్టాండు వేసి, దగ్గరికొచ్చి, రెండు కాలర్లూ తేరిపార చూసి, “ఇది కాస్త హుషారుగా ఉందండీ” అన్నాడు ఒకసారి. ఆ రోజు బావ కనిపించిన వాళ్లందరికీ ఆ హుషారును చూపించుకుంటూ తిరిగాడు.

ఊరి చివర లారీలను తూచే కాటా ఉంది. బావకు అక్కడే ఉద్యోగం. నేల మీద పరిచిన పెద్ద ఇనుప పలక మీదికి లారీ ఎక్కుతుంది, బావ గాజు కిటికీ వెనక కూర్చుని బరువు చూసి చీటీ ఇస్తాడు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన కాటా బావగారు. చీటీ చేతికి రావాలంటే డ్రైవరు ఏదో ఒక సలహా చెప్పి తీరాలి. చెప్పులు తోలువి కొననా, రబ్బరువి కొననా? గేటుకు పచ్చ రంగు వేయించనా, నీలం వేయించనా? వెనక లారీలు హారన్లు మోగిస్తే, “వాళ్లకూ ఏదో అభిప్రాయం ఉన్నట్టుంది” అని సంతోషించేవాడు.

మా అక్కను చేసుకునే ముందు కూడా నన్ను అడిగాడు. అప్పుడు నేను బడికెళ్లే పిల్లను.

“మీ అక్కను చేసుకోమంటావా అమ్మాయ్?”

“వద్దు. గిల్లుతుంది.”

“గట్టిగానా?”

“రక్తం రాదు గానీ ఎర్రగా కందిపోతుంది.”

బావ చాలాసేపు ఆలోచించి, “అయితే ఫరవాలేదు” అన్నాడు. ఆ సాయంత్రం నేను నేల మీద నడవలేదు. అంతవరకూ మా ఇంట్లో నన్ను ఏ విషయమూ అడిగిన వాళ్లు లేరు.

మనిషి మంచి భారీ విగ్రహం. లారీలు లేనప్పుడు ఆ ఇనుప పలక మీద తానే ఎక్కి నిలబడేవాడు, కిటికీ లోపలి నుంచి వాచ్‌మన్ అంకె చదివేవాడు. లారీల కాటాకు ఒకట్లూ రెళ్లూ తెలియవు, అది పదుల్లోనే మాట్లాడుతుంది. భోజనానికి ముందు నూట ముప్పై, భోజనం తర్వాతా నూట ముప్పయ్యే. “చూశారా, తిండికీ బరువుకూ సంబంధమే లేదు” అని బావ తేల్చేశాడు. వాచ్‌మన్ కూడా అవునన్నాడు కాబట్టి దానికి ఇక తిరుగులేదు.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టింది. ఒళ్లంతా చెమటలు. అయినా కిటికీలోంచి తల బయటపెట్టి, వరసలో ఉన్న డ్రైవర్లను అడిగాడట. “ఇది గ్యాసంటారా, గుండె అంటారా?”

ఇద్దరు గ్యాసన్నారు. ఒకాయన గుండె అన్నాడు. నాలుగో ఆయన ఏమీ అనకుండా బావను తన లారీలోకి ఎక్కించుకుని, సరుకుతో సహా ఆసుపత్రి ముందు దించాడు. మేం వెళ్లేదాకా అక్కడే కూర్చున్నాడు కూడా. ఆ చల్లని తండ్రిని దేవుడు చల్లగా చూడాలి. “ఓటు వేయకుండా పనిచేసింది ఆయనొక్కడే” అని బావ ఇప్పటికీ అంటాడు, సగం మెచ్చుకోలుగా, సగం ఫిర్యాదుగా.

అది గ్యాసూ కాదు, గుండే కాదు. పిత్తాశయం నిండా రాళ్లు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

“పిత్తాశయం తీయించుకోక తప్పదండీ. మళ్లీ నొప్పి రాకముందే అయితే మంచిది. ఇంకో సంగతి కూడా ఉంది. మీకు షుగరు ఉంది, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందంటున్నారు, మోకాళ్లు చూస్తే అలా ఉన్నాయి. బరువు తగ్గే ఆపరేషన్ మీకు పనికొస్తుంది. పొట్టలో పెద్ద భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేస్తాం. కావాలంటే రెండూ ఒకే మత్తులో చేయొచ్చు. లేదంటే ఇప్పుడు రాళ్ల సంగతొక్కటే చూద్దాం. ఆలోచించుకుని చెప్పండి.”

“మీరైతే ఏం చేస్తారమ్మా?”

“నాకు రాళ్లు లేవండీ.”

“ఉన్నాయనుకోండి.”

“మీ పొట్ట సంగతి మీరే తేల్చుకోవాలి.”

అప్పుడు చూడాలి బావ ముఖం. ఆయనతో అంత కఠినంగా అంతకుముందు ఎవరూ మాట్లాడి ఉండరు.

నేను నవ్వాను గానీ అక్క నవ్వలేదు. చిన్న ఆపరేషనే అని మా నాన్న తన కాళ్ల మీద తాను ఆసుపత్రికి వెళ్లాడు. ఇంటికి మాత్రం నలుగురు తీసుకొచ్చారు. అప్పటి నుంచి ఆసుపత్రి వాసన తగిలితే చాలు, అక్క నోరు పడిపోతుంది. మామూలుగా అక్క మాట్లాడుతుంటే వీధి మలుపు దాకా వినిపిస్తుంది. అలాంటిది ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని, పాలు పొంగి మంట ఆరిపోయినా కదల్లేదు. ఆవిడ ‘ఊ’ అంటే తప్ప బావ ఆపరేషన్ బల్ల ఎక్కడు. ఎక్కేదాకా ఆ రాళ్లు ఊరుకుంటాయన్న నమ్మకం లేదు. అక్క చూస్తే ‘ఊ’ అనదు, ‘ఊహూ’ అనదు.

మర్నాటి నుంచి బావ ఊరి మీద పడ్డాడు. సాయంత్రం కాగానే వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని, పోగుచేసుకొచ్చిన సలహాలన్నీ అక్కకు అప్పజెప్పేవాడు.

“కటింగ్ షాపాయన రెండూ కానిచ్చేయమన్నాడు. కుర్చీలో కూర్చున్నాక జుట్టుతో పాటు గడ్డం కూడా అయిపోతుంది కదా అంటాడు.”

అక్క కూరలో గరిటె పెట్టి తిప్పింది.

“తాపీమేస్త్రీదీ అదే మాట. గోడ పగలగొట్టేది ఒకసారే కాబట్టి పైపులూ వైర్లూ అప్పుడే వేసుకోవాలట.”

అక్క గరిటె తిప్పుతూనే ఉంది.

“లారీ డ్రైవరేమో, ఇంజన్ దింపినప్పుడే క్లచ్ ప్లేటు కూడా చూసుకోవాలన్నాడు.”

అక్క గిర్రున వెనక్కి తిరిగింది. “మీరేమన్నా లారీయా?”

“కాటా మీద నిలబడితే పెద్ద తేడా ఏం తెలియడం లేదు.”

“మనిషి కడుపుకీ క్లచ్ ప్లేటుకీ పొంతనేమిటండీ! చెప్పేవాడికి లేకపోతే వినేవాడికైనా ఉండాలి బుద్ధి!”

అక్కడి నుంచి మేస్త్రీకీ, కటింగ్ షాపాయనకూ కూడా వరసగా అక్షింతలు పడ్డాయి. ఆ పూట బావ ఆ తిట్లన్నీ తిని, భోజనం కూడా తిని, తృప్తిగా నిద్రపోయాడు.

తర్వాత వద్దనేవాళ్ల వంతు వచ్చింది. ఇన్నేళ్లుగా కంటికి అలవాటైన నడుము, దాన్ని పాడుచేయొద్దని టైలరు బతిమాలాడట. దేవుడిచ్చిన పొట్టను కోయించుకోవడం పాపమని రిటైరైన పంతులమ్మ అందట.

“రాళ్లు కూడా దేవుడే ఇచ్చాడుగా, అవి మాత్రం దాచుకుందామా?” అంది అక్క. “డాక్టర్లను ఇచ్చిందెవరట? ఆవిణ్ణి కనుక్కుని రండి!”

“కనుక్కుంటాను. పోస్ట్‌మాన్ అయితే ఇంకో మాట చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక ఎంత తిన్నా బరువు పెరగరట. ఎప్పట్లాగే తినొచ్చట.”

“అదెలా కుదురుతుంది?”

“ఏమో మరి. డాక్టరమ్మకే తెలియాలి. నేనడిగితే ఆవిడ తిరిగి నన్నే అడుగుతుంది.”

అక్క ఆ రాత్రంతా పోస్ట్‌మాన్ మాటనే తిప్పితిప్పి తిట్టింది. తెల్లారగానే మా ఇంటికొచ్చి, “పద, ఆసుపత్రికి” అంది. గేటు దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయినా పోస్ట్‌మాన్ చెప్పింది తప్పని తేల్చాలన్న పంతం ముందు ఆసుపత్రి వాసన ఓడిపోయింది. అక్క మెట్లెక్కింది.

డాక్టరమ్మ ఎంత ఓపికగా చెప్పిందో! బయట జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

“ఎప్పట్లాగే తినడం కుదరదమ్మా. మొదట్లో అన్నీ ద్రవాలే. ఆ తర్వాత కూడా జీవితాంతం కొంచెం కొంచెంగానే తినాలి, విటమిన్లు మానకూడదు, పిలిచినప్పుడు వచ్చి చూపించుకోవాలి.”

“రెండూ కలిపి చేస్తే ప్రమాదం రెట్టింపా?”

“రెట్టింపని కాదు గానీ, మత్తులో ఉండే టైము పెరుగుతుంది, ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. లేదని అబద్ధం చెప్పను. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయని తేలితేనే చేస్తాం. విడివిడిగా అయితే రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఆసుపత్రి.”

ఆ రోజు నుంచి అక్కను పట్టడం ఎవరి తరం కాలేదు. సాయంత్రం బావ స్టూలు వేసుకుని నోరు తెరిచేలోపే, “ఆయనకేం తెలుసు, నేను చెప్తా వినండి” అని మొదలుపెట్టేది. పోస్ట్‌మాన్ ఉత్తరం ఇవ్వడానికి వచ్చి, పాఠం విని వెళ్లాడు. పాలాయన అయితే తన భార్య కడుపునొప్పి గురించి అక్కనే అడిగాడు. “నన్నడుగుతావేం? రేపే తీసుకెళ్లి చూపించు” అని గదిమి పంపింది.

మిగిలిన పరీక్షలు కూడా బాగానే వచ్చాయి. మళ్లీ ముగ్గురం డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం.

“ఏమనుకున్నారు?”

బావ అక్క వైపు తిరిగాడు. “ఏమంటావు?”

అక్క కొంగు సర్దుకుంది. “రెండూ కలిపే చేసేయండమ్మా. భయపడేదేదో ఒక్కసారే భయపడి ఊరుకుంటాను.”

“మీకూ సమ్మతమేనా?” అని డాక్టరమ్మ బావను అడిగింది.

“సమ్మతమేనమ్మా” అన్నాడు బావ. పక్కకు కూడా చూడలేదు. ఎవర్నీ అడక్కుండా ఆయన జవాబు చెప్పడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆపరేషన్ రోజు థియేటర్ తలుపులు మూసుకోగానే అక్క నోరు కూడా మూతపడింది. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

“అక్కా, మా వంటింటి కిటికీకి తెల్ల తెర కుట్టనా, నీలం తెర కుట్టనా?”

“మీ బావ లోపలుంటే నీకు తెరలు కావలసొచ్చాయా?”

“సరేలే, తెల్లదే కుడతా.”

“తెల్లదా! వంటింటికా! పొగకు నెల తిరక్కుండా మసిగుడ్డ అవుతుంది. నీ బుర్రకు పదునెప్పుడు వస్తుందే?”

తెర తర్వాత తెల్ల గుడ్డ మీద సిరా మరక సంగతి అడిగాను. ఆ తర్వాత బియ్యంలో పురుగు, కీచుమనే తలుపు. అక్క తిడుతూనే ఉంది, చెబుతూనే ఉంది. పక్క బెంచీలో ఎవరి కోసమో ఎదురుచూస్తున్న ఒక ముసలాయన కూడా దగ్గరికి జరిగి, తన ఇంటి తలుపు గురించి అడిగాడు. అక్క ఆయన్నీ వదల్లేదు.

చివరికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. “రెండూ బాగా జరిగాయి” అంటూ చిన్న సీసాలో రాళ్లు చూపించింది.

అక్క సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. “ఈ కంకరకా ఇంత గోల!” అంది. అప్పటికి గానీ కూర్చోలేదు. నేను గోడ వైపు తిరిగి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బావకు తెలివి రాగానే నర్సమ్మను అడిగిన మొదటి మాట, “ఎడం పక్కకు తిరగమంటారా, కుడి పక్కకా?” అని.

ఇప్పుడు బావ చిన్న గిన్నెలో కొంచెం తింటాడు, నిద్రలో ఊపిరి హాయిగా తీస్తాడు. లారీల కాటా కూడా ఒప్పుకుని రెండు పదులు దిగింది.

మొన్న అక్క హఠాత్తుగా నన్ను నిలదీసింది. “ఆ రోజు నన్నెందుకే తెరలనీ మరకలనీ అలా తినేశావు?”

“ఊరికేలే” అని నవ్వేశాను.

నిజానికి ఆ పొద్దున బావను స్ట్రెచర్ మీద తోసుకెళ్తున్నారు. అక్క మంచినీళ్లు పట్టుకు రావడానికి వెళ్లింది. బావ వేలు ఊపి నన్ను దగ్గరికి పిలిచాడు.

“మరదలు పిల్లా, ఒక సాయం చేసిపెట్టాలి.”

“చెప్పు బావా.”

“నోరు మూస్తే మీ అక్కకు మీ నాన్న గుర్తొస్తాడు. తిడుతున్నంతసేపూ భయం ఆ దరిదాపులకు రాదు. ఇన్నాళ్లూ చూశానుగా.”

“అందుకా ఊరంతా తిరిగి అడిగావు? మరి నీ పొట్ట సంగతి?”

“అదా? డాక్టరమ్మ చెప్పిన రోజే తేల్చేసుకున్నాను.” స్ట్రెచర్ కదిలింది. బావ తల పక్కకు తిప్పి గొంతు తగ్గించాడు. “ఈ తలుపు మూసింది మొదలు, మీ అక్కను ఏదో ఒకటి అడుగుతూ ఉండు. కానీ నీకు తెలిసినవే అడుగు. నిజంగా తెలియనిది అడిగావనుకో, ఆలోచనలో పడి మళ్లీ నోరు మూసుకుంటుంది.”