చింపేసిన రెండో కాగితం

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో బస్సు దిగి, ఆమె సరూర్‌నగర్‌లోని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వస్తానని మూడు రోజుల ముందే ఫోన్ చేసింది.

మా నాయన సిపాయి. శ్రీలంకలో ఒకే గడ్డ మీది మనుషులు ఒకర్నొకరు చంపుకుంటున్న రోజుల్లో, శాంతి నిలబెట్టమని మనవాళ్లను పంపితే, వాళ్లలో ఆయనా వెళ్లాడు. మొన్న మా ఇంటికొచ్చిన ఈమె తండ్రిదీ అదే గుడారం. కాపలా కాస్తూ పాటలు కట్టేవాడట. అతన్ని చూసి మా నాయనా నాలుగు ముక్కలు రాయడం నేర్చాడు. అవి ఇప్పటికీ మా ఇనుప పెట్టెలో ఉన్నాయి.

"కొబ్బరి చెట్లకు గూడ తూటాలు దిగినయ్,
నీళ్లు కారుతున్నయ్, ఎవల కోసమో."

గొప్ప కవిత్వమేం కాదు. అయినా పారేయబుద్ధి కాదు.

అమ్మకు చదువు రాదు. నాలుగో తరగతిలో ఉన్నదాన్ని, ఉత్తరాలన్నీ నేనే చదివేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంటి గడప మీద కూర్చుని, వాడంతా వినాలన్నట్టు గట్టిగా. ఒకసారి కవర్లో రెండు కాగితాలొచ్చాయి. మొదటిది నాయన రాత. "మా దోస్తు పోయిండు" అన్న మాట దగ్గరికొచ్చానో లేదో, నాయనమ్మ ఉరికొచ్చింది.

"ఆపే! సావు కబురు ఇంట్ల వెట్టుకుంటరా? చింపి అవతల పారెయ్ ముందుగాల!"

పోచంపల్లి నుంచి వచ్చిన మా ఇంట్లో అదే పద్ధతి. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని వెంటనే చింపేయాలి, ఉంచితే ఇంకో చావును పిలిచినట్టే. కొడుకు యుద్ధంలో ఉన్న ముసలామె, వణికిపోయింది పాపం. రెండో కాగితం మీద వేరేవాళ్ల చేతిరాత నాకు కనిపించింది. అయినా రెండూ కలిపి చింపి మోరీ కాలవలో వేశాను.

నెల తర్వాత నాయన ఇంకో ఉత్తరం రాశాడు. "వాడు బిడ్డ కోసం రాసిన పాట వాళ్లింటికి పంపిన్రా? పుట్టినంక బిడ్డ మొకం సూడనే లేదు వాడు."

అడ్రసు కూడా ఆ మొదటి కాగితంతోనే పోయింది.

"పంపినమని రాయి. లేకుంటే ఆడ పరేషాన్ అయితడు" అంది నాయనమ్మ. రాశాను. ఒక్క తప్పు లేకుండా, గుండ్రంగా. నాయన తిరిగొచ్చినా ఆ ఇంటికి పోలేదు. "పోయి ఏం మాట్లాడాలె?" అనేవాడు. పోయినేడాది చనిపోయేదాకా నా మాటే నమ్మాడు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్పలేదు, పిరికిదాన్ని.

ఆయన పోయాక, పాత సిపాయి ఒకాయన ఆమెకు మా నంబరిచ్చాడు. మీ నాయన రాసిన పాటను ముందు వీళ్లింటికే పంపారు, అడుగు అని. ఆమె వచ్చేలోగా నేనే ఒక పాట రాసి పెడితే? సిగ్గులేని బుద్ధి నాది, నాలుగు లైన్లు రాశాను కూడా. మొదటి మాటే "బిడ్డా" అని పెట్టి, నా మీద నాకే అసహ్యమేసి ఆపేశాను.

హయత్‌నగర్‌లో నర్సట ఆమె. నలభైకి దగ్గర పడింది. అంతా చెప్పేశాను. చాయ్ మీగడ కట్టింది, ఆమె ముట్టలేదు.

"నాయన ఏదన్న రాసి పంపిండేమోనని మా అమ్మ సచ్చేదాకా ఎదురుసూసిందక్కా" అంది.

"తిట్టు చెల్లె. నోటికొచ్చినట్టు తిట్టు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. చాయ్ కప్పు పక్కకు జరిపి, "చదవకుంటేంది, కండ్లతోని చూసిన్రు గదా. ఆ కాగితం ఎట్లుండె?" అనడిగింది.

"చిన్నచిన్న అక్షరాలు. కాగితం సరిపోలే. అంచుల పొంటి గూడ అడ్డంగ రాసిండు."

అప్పటిదాకా ఏడవని మనిషి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"గంత ఉండెనా అక్కా, నాతోని చెప్పేది!"